చెల్కల్లో, బీళ్ళలో కెమెరా: నిర్ణా చుట్టూ వన్యప్రాణుల ఫొటోగ్రఫీ

వన్యప్రాణుల ఫొటోగ్రఫీ అనగానే చాలామందికి నాగరహొళె, కబిని, తడోబా గుర్తొస్తాయి. జీపు, దట్టమైన అడవి, మడుగు దగ్గర పులి కళ్ళ ముందు మెదులుతాయి. బీదర్ జిల్లాలోని నిర్ణా చుట్టుపక్కల అలాంటి దృశ్యం దొరకదు. ఇక్కడి జీవాలు ఆరుబయట బతుకుతాయి. కృష్ణజింక, గుంటనక్క, తోడేలు, కుందేలు, పాలపిట్ట, కౌజుపిట్ట, పూరేడు, చలికాలంలో వలస వచ్చే పిల్లిగద్దలు, వీటన్నిటికీ కావలసింది మోకాటి ఎత్తు గడ్డి, అక్కడక్కడా తుమ్మచెట్టు, కోత అయిపోయిన చేను, లోతులేని కుంట. అందుకే ఇక్కడ ఫొటో తీసే పద్ధతి కూడా అడవి పద్ధతికి వేరుగా ఉంటుంది.

నిర్ణా బీదర్ జిల్లా దక్షిణ భాగంలో, తెలంగాణలోని జహీరాబాద్‌కు దగ్గరగా ఉన్న సరిహద్దు ప్రాంతపు ఊరు. ఈ సీమలో కన్నడం, తెలుగు, ఉర్దూ, మరాఠీ నాలుగూ చెవిన పడుతుంటాయి. బీదర్ పీఠభూమిలో చాలా భాగం లేటరైట్ అనే ఎర్రరాతి నేల. వాగుల వెంబడి నల్లరేగడి కనిపిస్తుంది. వానాకాలంలో కంది, పెసర, మినుము, సోయా, ఆ తర్వాత జొన్న, శనగ, నీటి వసతి ఉన్నచోట చెరకు పండుతాయి. దున్నడానికి వీలుకాని రాతిగుట్టలు, పశువుల మేతకు వదిలిన బీళ్ళు పొలాల మధ్య ముక్కలుముక్కలుగా మిగిలాయి. వన్యప్రాణులు ఎక్కువగా కనిపించేది ఆ ముక్కల్లోనూ వాటి అంచుల్లోనూ.

రక్షిత ప్రాంతాల విషయానికొస్తే, దక్షిణాన పొరుగు జిల్లా కలబురగిలో చించోళి అభయారణ్యం ఉంది. 2011లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. దక్షిణ భారతంలో మెట్టప్రాంతపు తొలి అభయారణ్యంగా దీన్ని చెప్పుకుంటారు. చంద్రంపల్లి జలాశయం, గొట్టంగొట్ట అడవి దీని పరిధిలోవే. తోడేలు, దుమ్ములగొండి, కృష్ణజింక, నాలుగు కొమ్ముల జింక ఇక్కడి జీవాలు. ఎర్రచందనం, గంధం చెట్లు కూడా ఉన్నాయి. ఉత్తరాన బీదర్ పట్నం దగ్గర హొన్నికేరి రిజర్వ్ ఫారెస్ట్ ఉంది. అటువైపు గడ్డినేలల్లో కృష్ణజింకల మందలు తిరుగుతాయి. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ అక్కడ కట్టిన విడిదికి ఆ జింక పేరే పెట్టారు. మంజీరా నది, దాని ఉపనది కారంజా మీద కట్టిన జలాశయం నీటిపక్షులకు నెలవులు. సరిహద్దు దాటి సంగారెడ్డి జిల్లాలోకి వెళితే, హైదరాబాద్‌కు తాగునీరిచ్చే మంజీరా జలాశయం దగ్గర 1978లో ఏర్పడిన అభయారణ్యంలో మొసళ్ళు ఎండకు పడుకుని కనిపిస్తాయి.

ఈ సీమలో కెమెరాకూ అడవిజంతువుకూ సంబంధం పాతదే. బీదర్ 1956 రాష్ట్రాల పునర్విభజన దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన చిత్రాల్లో షికారు దృశ్యాలు చాలా ఉన్నాయి. చనిపోయిన పులి, దాని వెనక తుపాకులతో నిలబడ్డ దొరలు, పరివారం. ఆనాటి గాజుపలకల కెమెరాలతో కదిలే జంతువును పట్టడం దాదాపు అసాధ్యం, పైగా చూపించదలచుకున్నది వేటగాడి ఘనతనే. బతికున్న జంతువే ఫొటోకు అసలు విషయమన్న ఆలోచన తర్వాత బలపడింది. అమెరికాలో జార్జ్ షైరాస్ రాత్రిపూట మెరుపుదీపంతో తీసిన జింకల ఫొటోలను 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అచ్చువేసింది. మన వైపు మద్రాసులో ఎం. కృష్ణన్ (1912–1996) నలుపు తెలుపుల్లో, బెంగళూరులో టి.ఎన్.ఎ. పెరుమాళ్ ఆ తర్వాతి తరానికి దారి చూపిస్తూ ఈ కళను నిలబెట్టారు. కృష్ణన్ చిత్రాల్లో జంతువుతో పాటు అది బతికే చోటు కూడా కనిపిస్తుంది. మెట్టప్రాంతంలో ఫొటోలు తీసేవారికి ఆయన పని ఇప్పటికీ మంచి పాఠం.

ఈ ప్రాంతంలో ఎవరైనా ముందు నేర్చుకోవలసిన జంతువు కృష్ణజింక. పెద్ద మగజింక వీపు నల్లగా, పొట్ట, గడ్డం, కళ్ళ చుట్టూ తెల్లగా ఉంటాయి. మెలితిరిగిన కొమ్ములు 75 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. ఆడజింకలు, పిల్లలు గోధుమరంగులో ఉంటాయి. ఆడవాటికి సాధారణంగా కొమ్ములుండవు. పరుగెత్తితే గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. తెలుగువారికి ఈ జింకతో మరో చుట్టరికమూ ఉంది, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఇదే.

కృష్ణజింక ప్రాణరక్షణంతా దాని చూపులోనూ కాళ్ళలోనూ ఉంది. ఆరుబయట మేసే జంతువు కాబట్టి ప్రమాదాన్ని దూరం నుంచే పసిగడుతుంది. నడిచి వచ్చే మనిషిని చూస్తే త్వరగా బెదురుతుంది. రోజూ అదే దారిన పోయే ఎడ్లబండినీ ట్రాక్టరునూ అంతగా పట్టించుకోదు. అందుకే బండిబాట పక్కన వాహనం ఆపి, ఇంజన్ కట్టేసి, లోపలే కూర్చుని ఎదురుచూడడం దాని వెంటపడడం కన్నా మంచి పద్ధతి. మంద మెల్లగా మేస్తూ తనంతట తానే దగ్గరికి వచ్చే అవకాశం ఉంటుంది. తలలు ఒక్కసారిగా పైకెత్తాయంటే దూరం మితిమీరిందని అర్థం. ఒక జింక నేల మీంచి నిట్టనిలువుగా ఎగిరిందంటే మందకు హెచ్చరిక అందినట్టే. తర్వాతి క్షణంలో అన్నీ పరుగు తీస్తాయి. ఆ గెంతు ఫొటోలో అందంగా ఉంటుంది. కానీ ఆ గెంతు కోసమే మందను బెదిరించడం దుర్మార్గం. ఎండాకాలంలో మేత తక్కువైన జంతువుకు ఒక్కో పరుగూ ఒంట్లోని సత్తువను తోడేస్తుంది. గడ్డిలో దాచిన పిల్ల తల్లికి దూరమవుతుంది.

జోడు కట్టే కాలంలో మగజింక ఒక చోటును తనదిగా చేసుకుని, అక్కడే పెంట వేసి హద్దు పెడుతుంది. తల వెనక్కి వాల్చి, కొమ్ములు వీపుకు ఆనించి, ఛాతీ విరుచుకుని నడుస్తుంది. పొరుగు మగది వస్తే కొమ్ములు కొమ్ములతో పెనవేస్తుంది. ఆ చోటును గుర్తుపట్టిన ఫొటోగ్రాఫర్‌కు తిరగాల్సిన పని తగ్గుతుంది, ఎందుకంటే జింకే మళ్ళీ మళ్ళీ అక్కడికి వస్తుంది. సూర్యుడు ఏ వైపున లేస్తాడో, వెనకాల కరెంటు స్తంభం పడుతుందో లేదో ముందే చూసుకుని కూర్చోవచ్చు. మంచి చిత్రాలు చాలావరకు ఇలాంటి ముందస్తు తెలివిడి వల్లే వస్తాయి, కెమెరా ఖరీదు ఆ తర్వాతి మాట.

కెమెరా లెక్కలు కొన్ని మాత్రం తప్పవు. జింకకూ పిట్టకూ 300 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్స్ వాడుక. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాపై 300 లెన్స్ దాదాపు 450 పెట్టు చూపిస్తుంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి అది చాలు. నిలబడ్డ జింకకు సెకనులో 500వ వంతు షట్టర్ వేగం సరిపోతుంది. పరుగెత్తేదానికి 1,600వ వంతు, ఎగిరే పాలపిట్ట రెక్కకు 2,500వ వంతు కావాలి. వెలుతురు తగ్గితే ఐఎస్‌వో పెంచడమే దారి. కాస్త గరుకుదనం వచ్చినా ఫరవాలేదు, అలికినట్టుండే బొమ్మ కన్నా మేలు.

కృష్ణజింక వెలుతురు విషయంలో చిక్కు పెడుతుంది. నల్ల వీపును చూసి కెమెరా దృశ్యం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది, దాంతో తెల్లని పొట్ట పాలిపోయి వివరాలన్నీ పోతాయి. అందుకని ఎక్స్‌పోజర్ మూడింట ఒక వంతు నుంచి మూడింట రెండు వంతుల స్టాప్ దాకా తగ్గించి, తెలుపును కాపాడుకోవాలి. రా ఫైలులో తీస్తే నలుపులోని వెంట్రుకల వివరం తర్వాత కంప్యూటర్‌పై కొంత రాబట్టవచ్చు. పోయిన తెలుపును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. ముదురు నీటి మీద నిలబడ్డ కొంగకూ ఇదే సూత్రం.

ఎర్రనేల ఇంకో పాఠం నేర్పుతుంది. ఎండ ఎక్కేకొద్దీ నేల మీది గాలి సెగలా అలలెత్తుతుంది. దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీసిన బొమ్మ ఎంత జాగ్రత్తపడ్డా మెత్తగా, నీళ్ళలో కదిలినట్టు వస్తుంది. లెన్స్ చెడిపోయిందని చాలామంది కంగారుపడతారు, తప్పు గాలిది. పొద్దు పొడిచినప్పటి నుంచి రెండు గంటలు, పొద్దు వాలేముందు రెండు గంటలు, ఈ రెండు వేళల్లోనే పని ముగించుకోవడం మంచిది. ఏటవాలు ఎండలో ఎర్రమట్టి రంగు జింక పొట్ట మీద ప్రతిఫలించి చిత్రానికి వెచ్చదనం తెస్తుంది. కెమెరాను జంతువు కంటికి సమానమైన ఎత్తుకు దించితే గడ్డిపరకలు ముందు మసకగా పరుచుకుని లోతు కనిపిస్తుంది. గట్టు మీద బోర్లా పడుకునే ముందు పల్లేరుకాయలనూ తేళ్ళనూ చూసుకోవాలి.

ఏడాది పొడవునా ఒకే చోట ఒకే బొమ్మ ఉండదు. జూన్‌లో తొలకరి పడగానే ఎర్రమట్టిలో మఖ్మల్ గుడ్డలా మెరిసే ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. వీటికి పెద్ద లెన్స్ అక్కర్లేదు, మొబైల్ ఫోన్‌ను నేలకు ఆనించి తీస్తే చాలు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా గిజిగాళ్ళ కాలం. బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకూ ఈతచెట్లకూ గూళ్ళు వేలాడతాయి. పసుపుతల మగపిట్ట గూడు సగం అల్లి రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపల చూసి మెచ్చితేనే మిగతా సగం పూర్తిచేస్తుంది. మెచ్చని గూళ్ళు సగంలోనే ఆగిపోతాయి, ఒక్క చెట్టుమీద పూర్తయినవీ ఆగిపోయినవీ పక్కపక్కన కనిపిస్తే ఆ కథంతా ఒక్క ఫ్రేములో చెప్పవచ్చు. చెరకుతోట దగ్గర చెట్టయితే మగపిట్ట ఆకును పీలికగా చీల్చుకుని పట్టుకెళ్ళడమూ దొరుకుతుంది. పత్రికలో వేయదగిన చిత్రకథ ఊరి బావి దగ్గరే తయారవుతుందన్నమాట.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వలసపిట్టల కాలం. మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు జొన్నచేల మీద తక్కువ ఎత్తులో తేలుతూ వెతుకుతాయి. అవి సాయంత్రం గడ్డిలోనే నేల మీద గుంపుగా దిగి నిద్రపోతాయి, ఆ చోటికి మనిషి వెళ్ళకూడదు. జలాశయాల ఒడ్డున తల మీద రెండు నల్లపట్టీల బాతులు దిగుతాయి. అవి హిమాలయాలను దాటి వచ్చినవి. ఫిబ్రవరి, మార్చిల్లో మోదుగలు ఆకు రాల్చి నిప్పురంగు పూలు వేస్తాయి. గోరింకలు, తేనెపిట్టలు, పికిలిపిట్టలు తేనె కోసం చేరతాయి. పూలచెట్టు ఎదుట కదలకుండా కూర్చుంటే పొద్దున్న ఒక్క పూటలోనే పలు జాతులు కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళే అన్నిటినీ రప్పిస్తాయి. అయితే ఎండిపోతున్న కుంటలో మిగిలిన చివరి నీటికి అడ్డంగా కూర్చోవడం తగదు. పక్కకు, గాలి వాలుకు, దూరంగా ఉండాలి.

సెలవుదినం కుటుంబంతో వెళ్ళే తిరుగుళ్ళు కూడా ఈ పనిలో భాగమే. బహమనీ సుల్తానులు రాజధాని చేసుకున్న బీదర్ కోట గోడల మీద చిలకలు, పావురాలు, కొన్నిసార్లు పైడికంటెలు కూర్చుంటాయి. అష్టూరులోని సమాధుల గుమ్మటాల వెనక పొలాలున్నాయి, పాత రాయి ముందు పాలపిట్ట ఎగిరితే చరిత్రా ప్రకృతీ ఒకే చట్రంలో పడతాయి. కర్ణాటకకూ తెలంగాణకూ రాష్ట్ర పక్షి పాలపిట్టే కాబట్టి ఈ సరిహద్దు సీమకు అంతకన్నా తగిన గుర్తు లేదు. పాపనాశ చెరువు ఒడ్డున కొంగలు, లకుముకి పిట్టలు మనుషుల రాకపోకలకు అలవాటుపడ్డాయి కాబట్టి పిల్లలకు కెమెరా నేర్పడానికి అనువైన చోటు. నరసింహ ఝరణీ గుహాలయంలో ఛాతీలోతు నీళ్ళలో నడుస్తున్నప్పుడు పైకప్పుకు గబ్బిలాలు వేలాడుతుంటాయి. భక్తులున్న చోట, పగలు నిద్రపోయే జీవాల మీద ఫ్లాష్ వేయకుండా ఉండడమే మర్యాద.

చట్టం సంగతి చాలామందికి సగమే తెలుసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడంతో పాటు జంతువును తరమడం, ఎరవేయడం, పక్షుల గుడ్లనూ గూళ్ళనూ కదిలించడం కూడా ఉన్నాయి. అంటే బైకు మీద జింకల మందను తరిమి ఫొటో తీసినవారు, గూటి ముందున్న కొమ్మలు విరిచినవారు చట్టం దృష్టిలో వేటగాళ్ళ కిందికే రావచ్చు. కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లోని జంతువు. దాన్ని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. అభయారణ్యంలో ఫొటోల కోసం అడుగుపెట్టాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. డ్రోన్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. బీదర్‌లో వైమానిక దళ స్థావరం ఉంది కాబట్టి, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ ఎగరేయవచ్చో పటం చూసి నిర్ధారించుకోకుండా దాన్ని పెట్టెలోంచి తీయకూడదు. చట్టం అటుంచినా డ్రోన్ చప్పుడు మందను చెల్లాచెదురు చేస్తుంది, గద్దలు దాన్ని శత్రువనుకుని మీదపడతాయి.

చట్టానికి ముందు రైతు ఉన్నాడు. ఇక్కడి జంతువుల్లో చాలావరకు పట్టా పొలాల్లోనే తింటాయి, శనగ, పెసర చేలల్లో జింకలూ చెరకులో అడవిపందులూ చేసే నష్టాన్ని భరించేది అతనే. అలాంటి మనిషి చేలోకి అడగకుండా దిగి, మొలకలు తొక్కి, అతని నష్టానికి కారణమైన జంతువును మురిపెంగా ఫొటో తీసుకుని వెళ్ళిపోతే కడుపు మండదా? ‘కాకా, గట్టు మీద కూసోని ఫొటో తీసుకుంటం’ అని ముందే చెప్పి, తీసిన బొమ్మ అతనికి చూపిస్తే పరిస్థితి మారుతుంది. మంద ఏ పొద్దున ఎటు పోతుందో, తోడేలు ఏ గుట్టలో పిల్లలు పెట్టిందో అతనికే బాగా తెలుసు. తోడేలు గుంత విషయం మాత్రం విన్నవారు తమలోనే ఉంచుకోవాలి. గొర్రెలను పోగొట్టుకున్నవారు ఆ గుంతల మీద పగబట్టడం మెట్టప్రాంతాల్లో కొత్తకాదు. అందుకే గూళ్ళ, గుంతల ఫొటోలను ఫోన్ నమోదు చేసిన స్థలవివరాలతో సహా సామాజిక మాధ్యమాల్లో పెట్టకూడదు.

ఇంతకూ ఈ ఫొటోల వల్ల ప్రయోజనం ఏమిటి? దేశంలో గడ్డినేలలను, పొదనేలలను చాలాకాలంగా ‘బంజరు’ పద్దులో వేస్తున్నారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి కేంద్ర ప్రభుత్వం ప్రచురించే బంజరు భూముల అట్లాస్‌లో పొదలున్న నేలలకూ చోటుంది. పద్దులో బంజరుగా ఉన్న నేలను కట్టడాలకో పరిశ్రమలకో సౌరఫలకాలకో కేటాయించడం తేలిక. అది చెట్లు నాటడానికి పోయినా గడ్డిజీవాలకు ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే నీడ కమ్మిన చోట కృష్ణజింక ఉండదు. రాయలసీమలోని రోళ్ళపాడు కథ తెలుగువారికి తెలిసిందే. బట్టమేకపిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. కంచె లోపల గడ్డి ఉన్నా, చుట్టూ ఉన్న మెట్టసేద్యం, బీళ్ళు మారిపోతూ వచ్చాయి, ఆ పిట్ట దాదాపు కనుమరుగైంది. దక్కన్ పక్షుల గురించి మనకున్న గట్టి ఆధారాల్లో ఒకటి సలీం అలీ 1931–32లో హైదరాబాద్ సంస్థానంలో చేసిన సర్వే. ఎక్కడ ఏ పిట్ట ఉండేదో అప్పుడు రాసిపెట్టారు కాబట్టే ఇప్పుడు ఏది పోయిందో చెప్పగలుగుతున్నాం. ఈనాటి ఫొటోకు కూడా అదే విలువ ఉంది, తేదీ, చోటు, పక్కన ఉన్న పంట, మందలో సంఖ్య రాసిపెట్టుకుంటే. రాయని ఫొటో ఎంత అందమైనదైనా పదేళ్ళ తర్వాత సాక్ష్యంగా పనికిరాదు.

ఆ సాక్ష్యాన్ని దాచుకోవడానికి ఇప్పుడు దారులున్నాయి. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనాలయం, ఆడుబన్ సంస్థ కలిసి 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్‌లో ఎవరైనా తాము చూసిన పక్షుల జాబితాను, ఫొటోలను ఉచితంగా నమోదు చేయవచ్చు. ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల చోటును అది బయటికి చూపదు. జంతువులకు, పురుగులకు, మొక్కలకు ఐనాచురలిస్ట్ ఉంది. పేరు తెలియని జీవాన్ని అక్కడ పెడితే తెలిసినవారు గుర్తుపడతారు. పట్టణాల్లో, పేరున్న అభయారణ్యాల్లో నమోదులు కుప్పలుగా ఉంటాయి, నిర్ణా లాంటి సరిహద్దు ఊళ్ళ బీళ్ళ నుంచి వచ్చే ఒక్కో జాబితా కొత్త సంగతి చెబుతుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా ఒకేసారి జరిగే పెరటి పక్షుల లెక్కింపులో భారతీయులు 2013 నుంచి పాల్గొంటున్నారు. ఊరి బడి పిల్లలను వెంటబెట్టుకుని చెరువుగట్టు మీద 15 నిమిషాలు నిలబడి కనిపించిన ప్రతి పిట్టనూ లెక్కపెట్టి నమోదు చేస్తే చాలు. కెమెరా లేకపోయినా ఆ లెక్క చెల్లుతుంది.